ఆదివారం రాత్రి చల్లటి బిర్యానీ, పైగా పది శాతం సర్వీస్ ఛార్జి: హోటల్ లైన్‌లో పనిచేసినవాడి జవాబు

ప్రశ్న అడిగినాయన రాసింది క్లుప్తంగా ఇదీ. అమ్మానాన్నల పెళ్లిరోజని ఆదివారం రాత్రి హైదరాబాద్‌లో పేరున్న రెస్టారెంట్‌కి నలుగురూ వెళ్లారు. టేబుల్ కోసం అరగంట, ఆర్డర్ ఇచ్చాక ఇంకో యాభై నిమిషాలు. నాన్‌లు ముందొచ్చి అట్టల్లా అయ్యాక కూర వచ్చింది. బిర్యానీ గోరువెచ్చగా ఉంది, మసాలా లేదు, అడిగితే వెయిటర్ మొహం మాడ్చుకున్నాడు. చివర్లో బిల్లులో పది శాతం సర్వీస్ ఛార్జి, తీసేయమంటే "సిస్టమ్‌లోనే వస్తుంది సార్, మేమేం చేయలేం" అన్నారట. కట్టేసి వచ్చేశారు, బిల్లు మాత్రం దగ్గరే ఉందట. ఇప్పుడు అడుగుతున్నదేంటంటే, అన్నిచోట్లా ఇంతేనా, అప్పుడేం చేసి ఉండాల్సింది, ఇప్పుడేమైనా చేయొచ్చా అని.

నేను హోటల్ లైన్‌లో చాలా ఏళ్లు ఉన్నాను, విజయవాడలో కెప్టెన్‌గా, అంటే టేబుళ్ల దగ్గర ఆర్డర్లు తీసుకునే మనిషిగా, మొదలై హైదరాబాద్‌లో ఫ్లోర్ మేనేజర్ దాకా. ఇప్పుడు బయటికొచ్చేశాను కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పగలను. మీకు జరిగినదాంట్లో తప్పు హోటల్ వాళ్లదే, వెనకేసుకురాను. కానీ ఫ్లోర్ మీద నిలబడి చూసినవాడిగా ఒక మాట. మనవాళ్లు చల్లటి బిర్యానీ వచ్చినా నోరు తెరవకుండా మొత్తం తినేస్తారు, "ఎలా ఉంది సార్" అని అడిగితే "ఆఁ బావుంది" అంటారు, బిల్లు కట్టి ఇంటికెళ్లి రాత్రి పదకొండింటికి ఒక స్టార్ ఇచ్చి చెడతిడతారు. ఆ రివ్యూతో మీ నాన్నగారి ప్లేట్‌లోకి వేడి అన్నం రాదు కదా. ప్లేట్ వచ్చిన మొదటి ఐదు నిమిషాల్లో, సరైన మనిషికి, ఏం కావాలో తేల్చి చెబితే ఇలాంటి వాటిలో చాలావరకు అక్కడికక్కడే సర్దుబాటు అవుతాయి. అది ఎలాగో, ఎందుకు అలా జరుగుతుందో లోపలి వైపు నుంచి చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

ముందు బిర్యానీ. మీరు ఆర్డర్ ఇచ్చాక బిర్యానీ వండరు. మధ్యాహ్నానికి హండీలు, అంటే బిర్యానీ వండే పెద్ద గిన్నెలు, పన్నెండులోపు దిగిపోతాయి, రాత్రికి ఏడు, ఏడున్నరకి ఇంకో విడత. కచ్చి పద్ధతి అయితే మసాలా పట్టించిన పచ్చి మాంసం అడుగున, సగానికి పైగా ఉడికిన బియ్యం పైన వేసి, ఆవిరి పోకుండా మూత చుట్టూ పిండి పెట్టి దమ్ మీద ఉంచుతారు. అంటే మసాలా అంతా అడుగునే ఉంటుంది. వడ్డించేవాడు ప్లేట్ పక్కనుంచి నిలువుగా అడుగుదాకా దింపి తీస్తేనే తెల్ల అన్నం, మసాలా అన్నం, ముక్క మూడూ సమంగా వస్తాయి. రష్‌లో ఆ ఓపిక ఉండదు, పైపైన అన్నం తీసి దానికింద రెండు ముక్కలు పెట్టి పంపిస్తాడు. మీకొచ్చింది అదే. మీ తర్వాత ఎవరికో అడుగున మిగిలినదంతా ఉప్పగా, నూనె కారుతూ వెళ్లి ఉంటుంది, ఆయన ఇంకోచోట ఇంకో ప్రశ్న పెట్టి ఉంటాడు.

గోరువెచ్చగా ఎందుకుందంటే, ఒక హండీ తెరిచాక అది అయిపోయేదాకా అందులోంచే తీస్తారు, తెరిచిన ప్రతిసారీ వేడి పోతుంది. మధ్యాహ్నం మూడు, మూడున్నరకి వెళ్తే పన్నెండింటి హండీ అడుగు వస్తుంది, అన్నం విరిగి ఉంటుంది. ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర నుంచి పది దాకా సమస్య వేరు, హండీలు ఎంత తొందరగా ఖాళీ అవుతాయంటే తర్వాతది దమ్ పూర్తిగా పట్టకముందే తెరిచేస్తారు. ముక్క ఎముక దగ్గర గట్టిగా ఉంటే కారణం అదే. అందుకే నేను బిర్యానీకి వెళ్తే పన్నెండున్నరకో, రాత్రి ఏడుంబావుకో వెళ్తాను, ఇంట్లోవాళ్లు "ఇంత పెందలాడే డిన్నరా" అని నవ్వినా సరే.

ఇంకో సంగతి. అన్ని వంటకాలూ దొరికే మల్టీ క్యుజిన్ రెస్టారెంట్లలో పది పదిహేను రకాల బిర్యానీలు రాసి ఉంటాయి చూడండి, అవన్నీ దమ్ బిర్యానీలు అయ్యే అవకాశమే లేదు. రొయ్యల బిర్యానీ, పనీర్ బిర్యానీ, మొఘలాయి బిర్యానీ, ఇవన్నీ ఒకే బిర్యానీ అన్నం మీద ఒక్కో రకం కూర కలిపి పైన వేయించిన ఉల్లిపాయ చల్లి పంపేవి. అది మోసం అననుగానీ దమ్ రుచి కోసం చూస్తే నిరాశే. కోస్తావైపు ఫ్రై పీస్ బిర్యానీ కూడా ముక్క విడిగా వేయించి పెట్టేదే, కాకపోతే అక్కడ ఆ సంగతి పేరులోనే చెప్పేస్తారు. కెప్టెన్‌ని సూటిగా అడగండి, "హండీలోంచి తీసే బిర్యానీ ఏది, ఇప్పుడు కొత్త హండీ తెరిచారా" అని. ఈ ప్రశ్న అడిగిన టేబుల్‌కి వడ్డించేవాడు ప్లేట్ అడుగుదాకా దింపుతాడు, ఎందుకంటే కెప్టెన్ వెళ్లి "ఆరో నంబర్ టేబుల్ జాగ్రత్త" అని చెప్పే ఉంటాడు. "మసాలా కూడా వచ్చేలా తీయండి" అని ముందే చెప్పడం తప్పేమీ కాదు, పాతబస్తీలో రోజూ తినేవాళ్లు ఇలా చెప్పే తింటారు.

ఇక నాన్ ముందు, కూర తర్వాత. మీ ఆర్డర్ కెప్టెన్ కొట్టగానే కేఓటీలు, అంటే వంటవాళ్లకి ఆర్డర్ చెప్పే కాగితాలు, లోపల వేర్వేరు చోట్ల ప్రింట్ అవుతాయి, తందూర్ దగ్గర ఒకటి, ఇండియన్ సెక్షన్‌లో ఒకటి, చైనీస్‌లో ఒకటి, బిర్యానీ కౌంటర్‌లో ఒకటి. తందూర్‌లో నాన్ రెండు మూడు నిమిషాల పని. కూరకి పది పన్నెండు నిమిషాలు, రష్‌లో పాతిక. ఎవడి కాగితం వాడు చూసుకుని ఎవడి వంట వాడు చేసేస్తాడు. ఈ నాలుగింటినీ కలిపి ఏది ముందు వెళ్లాలో చూసే మనిషి పికప్ కౌంటర్ దగ్గర ఒకడుండాలి, మంచి హోటల్లో ఉంటాడు, ఆదివారం ఆ మనిషిని కూడా వడ్డనకి పంపేస్తారు. దీనికి మందు మీ చేతిలోనే ఉంది. ఒకేసారి తొమ్మిది ఐటమ్‌లు చెప్పకండి. స్టార్టర్ చెప్పండి, అది వచ్చాక కూర చెప్పండి, "రోటీ హోల్డ్‌లో పెట్టండి, కూర టేబుల్ మీదకొచ్చాక వేయండి" అని చెప్పండి. హోల్డ్ అన్న మాట ప్రతి కెప్టెన్‌కీ అర్థమవుతుంది. నాన్‌లు కూడా నాలుగూ ఒక్కసారి కాకుండా రెండు, మళ్లీ రెండు.

మెనూ గురించి కూడా. రెండొందల ఐటమ్‌లున్న మెనూ చూస్తే ఇష్టమైనది దొరుకుతుందని మనం సంబరపడతాం, లోపలున్నవాడికి తెలుసు అక్కడున్నవి మూడో నాలుగో గ్రేవీలని. తెల్ల గ్రేవీ, ఎర్ర గ్రేవీ, మఖనీ, ఉల్లిపాయ టమాటా మసాలా, పొద్దున్నే పెద్ద గిన్నెల్లో చేసి పెట్టుకుంటారు. పనీర్ బటర్ మసాలాకీ మీ రెండో కూరకీ తేడా పైన వేసే క్రీమూ, క్యాప్సికమ్ ముక్కలే కావచ్చు. అందుకే రెండు కూరలు తెప్పించుకుంటే "రెండూ ఒకేలా ఉన్నాయే" అనిపిస్తుంది, అవి ఒకటే మరి. ఒక ఎర్ర కూర చెబితే రెండోది దాల్ లాంటిదో, వేపుడో చెప్పండి. అపోలో ఫిష్ అంటే కొరమీను అనుకుంటారు, చాలాచోట్ల వచ్చేది ఫ్రీజర్‌లో ఉన్న బాసా అనే వేరే చేప, కావాలంటే అడగండి, నిజమే చెప్తారు. చేప, పీత లాంటివాటికి మెనూలో ధర రాయకుండా "సైజును బట్టి" అని ఉంటే, వండకముందే బరువు, రేటు అడిగి తీరాలి. బిల్లు వచ్చాక గుండె పట్టుకున్నవాళ్లని చాలామందిని చూశాను.

ఆరేడు రకాలే చేసే టిఫిన్ సెంటర్‌లోనో, ఒకటే మీల్స్ పెట్టే మెస్‌లోనో ఇలాంటి ఫిర్యాదులు తక్కువ, ఎందుకంటే పొద్దున చేసింది మధ్యాహ్నానికి అయిపోతుంది, నిలవ ఉండే సమస్యే లేదు. ఎక్కడ ఏది ఎక్కువ అమ్ముడుపోతుందో అక్కడ అదే తినాలి. బిర్యానీకి పేరున్న చోట పాస్తా చెప్పి, "బాగోలేదు" అంటే నా దగ్గర జవాబు లేదు. ఇదే లెక్కన కార్తీకమాసంలో మాంసం అమ్మకాలు పడిపోతాయి, చికెన్, మటన్ ఫ్రీజర్‌లో ఎక్కువ రోజులుంటాయి, ఆ నెలలో రద్దీ లేని చోట నాన్‌వెజ్ జోలికి వెళ్లను. రంజాన్ నెలలో హలీం దగ్గరికి మనుషులంతా వెళ్లిపోతారు, మిగతా వంటలు చూసేవాళ్లు తగ్గుతారు, అప్పుడు హలీం తినడమే తెలివైన పని.

వెయిటర్ మొహం మాడ్చుకోవడం. అది సరైన ప్రవర్తన అని నేనననుగానీ అతని రోజు ఎలా ఉంటుందో వినండి. చాలా హోటళ్లలో బ్రేక్ షిఫ్ట్ నడుస్తుంది, పొద్దున పదకొండు నుంచి నాలుగు దాకా, మళ్లీ ఆరున్నర నుంచి అర్ధరాత్రి దాకా. ఒడిశా, బెంగాల్, అస్సాం, నేపాల్ నుంచి వచ్చిన పిల్లలు ఎక్కువ, ఒక గదిలో ఎనిమిది మంది ఉంటారు. దీపావళి, ఛఠ్ పండగల టైములో, వాళ్ల రాష్ట్రంలో ఎన్నికలప్పుడు సగం మంది ఊరెళ్లిపోతారు, ఉన్నవాళ్ల మీద రెట్టింపు టేబుళ్లు. ఆదివారం రాత్రి నలుగురు చూసుకోవాల్సినవి ఇద్దరు చూస్తుంటే నవ్వు ఎక్కడి నుంచి వస్తుంది. పైగా మీ ప్లేట్ మార్చే అధికారం అతనికి లేదు. ఐటమ్ వెనక్కి పంపాలంటే మేనేజర్ సంతకం కావాలి, కొన్నిచోట్ల పోయిన ప్లేట్ డబ్బులు వెయిటర్ జీతంలోంచి కోసేస్తారు. నేను పనిచేసిన ఒక చోట ఈ పద్ధతి ఉండేది, దాన్ని మానిపించడానికి యజమానితో చాలా గొడవపడాల్సొచ్చింది. కాబట్టి మీరు అతని మీద ఎంత అరిచినా అతను చేయగలిగింది మొహం మాడ్చుకోవడమే.

మరి ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి?

కెప్టెన్‌ని పిలవండి, వేరే రంగు షర్టులోనో కోటులోనో ఆర్డర్ ప్యాడ్, ట్యాబ్ పట్టుకుని తిరిగే మనిషి. రెండు మూడు ముద్దలు తినగానే పిలవండి. ముప్పావు ప్లేట్ ఖాళీ చేశాక బాగోలేదంటే లోపల ఎవరూ నమ్మరు, నేను కూడా నమ్మేవాణ్ని కాదు. గొంతు పెంచనక్కర్లేదు. "బాగోలేదు" అనే మాటతో లోపల ఎవరూ ఏమీ చేయలేరు, "అన్నం చల్లగా ఉంది, ముక్క ఎముక దగ్గర ఉడకలేదు, చూడండి" అంటే చేయగలరు. ఆ వెంటనే ఏం కావాలో మీరే చెప్పండి: "ఇది తీసేసి కొత్త ప్లేట్ తెండి" లేదా "మాకొద్దు, బిల్లులోంచి తీసేయండి". మీరు చెప్పకపోతే వాళ్లు తమకి చౌకైనది ఎంచుకుంటారు, అంటే అదే ప్లేట్ లోపలికి తీసుకెళ్లి ఇంత గ్రేవీ పోసి వేడిచేసి తెస్తారు. అందుకని కొత్త ప్లేట్ టేబుల్ మీదకొచ్చేదాకా పాత ప్లేట్ తీసుకెళ్లనివ్వకండి. ఇది కాస్త మొండితనంలా ఉంటుంది, పనిచేస్తుంది. కెప్టెన్ నీళ్లు నమిలితే "మేనేజర్ గారిని ఒక్క నిమిషం రమ్మనండి" అనండి, ఆయన వచ్చేసరికి మీ దగ్గర చల్లటి ప్లేట్ సాక్ష్యంగా ఉంటుంది.

వెనక్కి పంపితే లోపల ఉమ్మేస్తారేమో అని చాలామంది భయపడతారు, నన్ను పెళ్లిళ్లలో కూడా అడుగుతారు. నేను పనిచేసిన ఏ కిచెన్‌లోనూ అలాంటిది చూడలేదు. రష్‌లో ఉన్న వంట మాస్టర్‌కి మీ మీద పగ పెట్టుకునే తీరిక ఉండదు, నిజంగా అతను కోప్పడేది ఆ హండీ తొందరపడి తెరిచినవాడి మీద. వెయిటర్‌ని అందరిముందూ తిట్టకుండా ఉంటే చాలు.

ఆలస్యానికి కూడా ఇదే పద్ధతి. స్టార్టర్‌కి ఇరవై నిమిషాలు, మెయిన్ కోర్స్‌కి అరగంట దాటితే కెప్టెన్‌ని పిలిచి "ఎంతసేపు" అని అడక్కండి, ఎప్పుడూ వచ్చే జవాబు "ఐదు నిమిషాలు సార్". "కేఓటీ లోపలికి వెళ్లిందో లేదో చూసి చెప్పండి" అనండి. చాలాసార్లు ఆ కాగితం ప్రింటే కాలేదని అప్పుడు బయటపడుతుంది. ఇంకా మొదలుపెట్టకపోతే క్యాన్సిల్ చేయమనే హక్కు మీకుంది, వంట మొదలైతే మాత్రం వాళ్లు ఒప్పుకోరు, అది న్యాయమే.

ఇప్పుడు సర్వీస్ ఛార్జి, నాకు ఒళ్లు మండే విషయం. "సిస్టమ్‌లో వస్తుంది" అన్నది పచ్చి అబద్ధం. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో దాన్ని తీసేయడం మేనేజర్ లాగిన్‌తో అరనిమిషం పని, గట్టిగా అడిగిన ప్రతివాళ్లకీ తీసేస్తారు, అడగనివాళ్ల దగ్గర వసూలు చేస్తారు. చట్టం సంగతి చూస్తే, కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది: బిల్లులో దానంతటదే సర్వీస్ ఛార్జి వేయకూడదు, వేరే పేరు పెట్టి వసూలు చేయకూడదు, కట్టమని బలవంతం చేయకూడదు, కట్టనన్నందుకు లోపలికి రానివ్వకపోవడం కుదరదు, దాన్ని బిల్లులో కలిపి ఆ మొత్తం మీద జీఎస్టీ వేయకూడదు. రెస్టారెంట్ సంఘాలు ఢిల్లీ హైకోర్టుకి వెళ్లాయి, అదే నెలలో స్టే వచ్చింది, చాలా హోటళ్లు ఆ స్టే పేరు చెప్పి మూడేళ్ల దాకా వసూలు చేసుకున్నాయి. 2025 మార్చి 28న హైకోర్టు ఆ పిటిషన్లు కొట్టేసి, మార్గదర్శకాలు సరైనవేనని, తప్పనిసరిగా వసూలు చేయడం వినియోగదారుల హక్కులకి విరుద్ధమని తీర్పు ఇచ్చింది, ఒక్కో సంఘానికీ లక్ష రూపాయల ఖర్చులు కూడా వేసింది. వాళ్లు అప్పీలుకి వెళ్లారు. కానీ మీ టేబుల్ దగ్గర తేడా ఏమీ లేదు, కట్టడం మీ ఇష్టం. మెనూ చివర చిన్న అక్షరాల్లో రాసి ఉన్నంత మాత్రాన మీరు ఒప్పుకున్నట్టు కాదు.

లెక్క చూడండి. మూడు వేల తిండికి పది శాతం సర్వీస్ ఛార్జి 300, దాని మీద కూడా కలిపి 5 శాతం జీఎస్టీ 165, మొత్తం 3,465. సర్వీస్ ఛార్జి లేకపోతే 3,150. అంటే 315 రూపాయలు ఎక్కువ కట్టారు, అందులో పదిహేను రూపాయలు పన్ను పేరుతో. ఆ 300 వడ్డించిన అబ్బాయికి వెళ్తుందనుకుంటే, కొన్నిచోట్ల పాయింట్ల లెక్కన నిజంగానే పంచుతారు, కొన్నిచోట్ల పగిలిన ప్లేట్ల కిందా, స్టాఫ్ భోజనం కిందా యజమానే ఉంచుకుంటాడు. బాగా చూసుకున్న మనిషికి ఇవ్వాలనిపిస్తే చేతికే ఇవ్వండి.

బిల్లులో మిగతావి త్వరగా చెప్పేస్తాను. మామూలు రెస్టారెంట్‌లో ఏసీ ఉన్నా లేకపోయినా జీఎస్టీ 5 శాతమే, అది రెండున్నర రెండున్నరగా రెండు లైన్లలో కనిపిస్తుంది. రూము అద్దె 7,500 దాటే పెద్ద హోటళ్ల లోపలి రెస్టారెంట్లలో 18. అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను తామే కట్టే కాంపొజిషన్ స్కీమ్‌లో ఉన్న చిన్న హోటల్ అయితే మీ దగ్గర జీఎస్టీ వసూలు చేయకూడదు. జీఎస్టీ వేసిన బిల్లు మీద పదిహేను అక్షరాల నంబర్ ఉండాలి, తెలంగాణలో అది 36తో, ఆంధ్రప్రదేశ్‌లో 37తో మొదలవుతుంది, నంబర్ లేకుండా పన్ను వేస్తే అడగండి. వాటర్ బాటిల్ మీద ఎమ్మార్పీ కంటే ఎక్కువ వేశారని కొందరు గొడవపడతారు, రెస్టారెంట్‌లో కూర్చుని తాగేదానికి ఎక్కువ తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017 డిసెంబర్‌లోనే చెప్పింది, ఆ గొడవలో మీరు గెలవరు. కూర్చోగానే మీరు అడగకుండానే సీల్ తీయబోతారు చూడండి, అప్పుడే "మామూలు నీళ్లు చాలు" అనేయాలి.

హైదరాబాద్, విజయవాడ హైవే మీద బస్సు ఆగే హోటళ్ల గురించి కూడా కింద కామెంట్లలో ఎవరో అడిగారు. అక్కడ లెక్క వేరు. చాలాచోట్ల బస్సు సిబ్బందికి భోజనం ఉచితం, మీరు మళ్లీ వస్తారన్న ఆశ హోటల్‌కి లేదు, బస్సు వస్తే చాలు. ఇరవై నిమిషాల్లో మీరు పోట్లాడలేరని వాళ్లకి తెలుసు. అక్కడ కళ్లముందు చేసేది, దోశో ఆమ్లెట్టో, తినండి, గిన్నెలో ఎప్పటి నుంచో ఉన్న కూర వద్దు.

ఇప్పటిదాకా చెప్పింది రుచి, ఆలస్యం, మర్యాద గురించి. శుభ్రత అలా వదిలేసేది కాదు. ప్లేట్‌లో పురుగు, వెంట్రుక, చెడిపోయిన వాసన వస్తే ముందు ఫోటో, వీడియో, ఆ తర్వాతే కెప్టెన్. 2024లో తెలంగాణ ఆహార భద్రత అధికారులు వరసగా తనిఖీలు చేసి బయటపెట్టిన వివరాల్లో పేరున్న చోట్ల కూడా గడువు దాటిన సరుకు, బొద్దింకలు, వాడకూడని రంగులు దొరికాయి. అదే ఏడాది అక్టోబర్ 30న పచ్చి గుడ్లతో చేసిన మయోనైజ్‌ని రాష్ట్రంలో ఏడాదిపాటు నిషేధించారు, అంతకుముందు హైదరాబాద్‌లో మోమోలు తిని చాలామంది ఆసుపత్రి పాలై ఒకరు చనిపోయారు. ఏసీ హాలు చూసి లోపల కిచెన్ కూడా అంతే శుభ్రంగా ఉంటుందనుకోకండి. బిర్యానీ అన్నం నారింజ రంగులో మెరిసిపోతుంటే అది కుంకుమపువ్వు అయ్యే అవకాశం చాలా తక్కువ, చికెన్ 65 ఎర్రగా చేతికి అంటుకుంటే నేను పక్కన పెట్టేస్తాను. వేయించిన నూనెకి కూడా పరిమితి ఉంది, మళ్లీమళ్లీ కాచగా పుట్టే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదు. మీ దగ్గర కొలిచే మీటర్ ఉండదుగానీ స్టార్టర్ నల్లగా, చేదు వాసనతో వస్తే ముక్కే చెప్తుంది.

బిల్లు మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత లైసెన్స్) నంబర్ 2022 జనవరి నుంచి తప్పనిసరి, ఆహార భద్రత అధికారులకి ఫిర్యాదు చేయాలంటే మొదట అడిగేది అదే. తినేదాంట్లో బయటి పదార్థం దొరికినా, అపరిశుభ్రంగా వండినా చట్టప్రకారం లక్ష దాకా జరిమానా ఉంది. తిన్నాక వాంతులు, విరేచనాలైతే డాక్టర్ చీటీ, బిల్లు, మిగిలిన పార్శిల్ ఉంటే ఫ్రిజ్‌లో అది, ఈ మూడూ దాచండి. డాక్టర్‌తో ఎక్కడ ఏం తిన్నారో చెప్పి చీటీ మీద రాయించుకోండి, తర్వాత "మా దగ్గర తిన్నారని ఏంటి రుజువు" అనే ప్రశ్నే వస్తుంది.

రివ్యూ రాయొద్దని నేననలేదు. చాలా రెస్టారెంట్లలో యజమానులు గూగుల్ రివ్యూలు చూస్తారు, వారానికోసారి మీటింగ్‌లో మా ముందు పెట్టేవాళ్లు. "వరస్ట్ ఫుడ్, డోంట్ గో" అన్నదాన్ని దాటేసేవాళ్లు. "ఫలానా తేదీ రాత్రి తొమ్మిదింటికి, ఫలానా టేబుల్, బిర్యానీ చల్లగా వచ్చింది, చెప్పినా మార్చలేదు, సర్వీస్ ఛార్జి తీయలేదు" అని బిల్లు ఫోటోతో ఉంటే, ఆ రోజు డ్యూటీలో ఎవరున్నారో తీసి అడిగేవాళ్లు, మాకు చెమటలు పట్టేవి. బాగున్నప్పుడు కూడా ఆ కెప్టెన్ పేరుతో రెండు లైన్లు రాయండి, జీతం పెంచే సమయంలో వాళ్లు అది చూపించుకుంటారు.

మీ అమ్మానాన్నల్ని మళ్లీ తీసుకెళ్లాలనుకుంటే ఆదివారం మానేసి మంగళ, బుధవారాల్లో వెళ్లండి, లేదా ఆదివారమే కావాలంటే మధ్యాహ్నం పన్నెండున్నరకి. ముందురోజు ఫోన్ చేసి టేబుల్ చెప్పి, పెద్దవాళ్లు వస్తున్నారు, ఎక్కువసేపు కూర్చోలేరు అని చెప్పండి, ఫోన్‌లోనే సర్వీస్ ఛార్జి వేస్తారా అని కూడా అడిగేయండి. ఆ జవాబుతోనే ఆ హోటల్ ఎలాంటిదో చాలావరకు అర్థమైపోతుంది.

ఇక ఇప్పుడు చేయగలిగింది. బిల్లు ఉందని రాశారు కాబట్టి ముందు ఆ రెస్టారెంట్ మేనేజర్‌కి మెయిలో వాట్సాపో పంపండి, సర్వీస్ ఛార్జి, దాని మీద వేసిన జీఎస్టీ వెనక్కి ఇవ్వమని, బిల్లు ఫోటోతో, వారం గడువిచ్చి. కోపం అక్కర్లేదు, నాలుగు లైన్లు చాలు. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, వాళ్లు హోటల్‌కి పంపించి సమాధానం అడుగుతారు, చాలామంది ఈ దశలోనే డబ్బులు వెనక్కి వేసేస్తారు. అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్, వినియోగదారుల కేసులు ఆన్‌లైన్‌లో తీసుకునే ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు, మీరుండే జిల్లాలోనే వేయొచ్చు, విలువ ఐదు లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. మూడొందల కోసం అంత దూరం వెళ్లాలా అన్నది మీ ఓపికని బట్టి, నేనైతే 1915 దాకా మాత్రం తప్పకుండా వెళ్తాను. గడువు రెండేళ్లు ఉంటుంది, బిల్లు మాత్రం ఇప్పుడే ఫోటో తీసి పెట్టుకోండి, ఆ థర్మల్ కాగితం మీద అక్షరాలు కొన్ని నెలల్లో చెరిగిపోతాయి.